కాలవగట్టు మీద ఆదివారం గట్టి పరుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల (కాలవ నీటి గేట్ల) వైపు పోయే కాలవ పక్కన ఆదివారం తెల్లారకముందే విజిల్ ఊదుకుంటూ పరిగెట్టే గుంపు మాదేనండి. క్లబ్బూ కాదు, పేరూ లేదు, టీ షర్టులూ లేవు. బ్యాంకు వాళ్ళు, కొబ్బరి వ్యాపారం వాళ్ళు, టీచర్లు, ఇంజనీరింగ్ కుర్రాళ్ళు, రిటైరైపోయిన మావయ్యలు కొందరు, అంతే. కొత్తగా వస్తామన్నవాళ్ళందరూ ఇంచుమించు అవే అడుగుతున్నారు, ఒకరికి ఫోన్లో చెప్పింది ఇంకొకరికి చేరేసరికి ఇంకోలా అయిపోతోంది, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. పొడుగైంది, మీకు కావాల్సింది చూసుకోండి. వడదెబ్బ గురించి రాసింది మాత్రం అందరూ చదవాలి ఆయ్.

గట్టి పరుగంటే ఏంటండీ? మేం రోజూ పరిగెడుతూనే ఉన్నాంగా?

రోజూ పరిగెట్టేది తేలిక పరుగు. పక్కనున్నాయనతో ఊళ్ళో సంగతులన్నీ చెప్పుకుంటూ పోగలిగితే అది తేలిక. గట్టి పరుగులో కబుర్లుండవు, ఏదైనా అడిగితే మూడు నాలుగు ముక్కల్లో జవాబొస్తుంది, తర్వాత ముక్కకి ఊపిరి తీసుకోవాల్సిందే. రన్నింగు వాళ్ళు దీన్ని టెంపో అంటారు, పోటీలో సుమారు గంటసేపు నిలబెట్టుకోగలిగే వేగం అన్నమాట. 10 కిలోమీటర్లు గంటలో కొట్టేవాళ్ళకి కిలోమీటరుకి 6 నిమిషాలు, 50 నిమిషాల్లో కొట్టేవాళ్ళకి 5 నిమిషాల 10 సెకన్ల దరిదాపుల్లో. అది దాటిపోతే కండరాల్లో తయారయ్యే లాక్టేట్‌ని ఒళ్ళు అంత జోరుగా వాడుకోలేదు, రక్తంలో పెరుగుతూ పోతుంది, కాసేపటికి కాళ్ళు మొరాయిస్తాయి. ఆ గీతకి కాస్త ఇవతలే ఉండి ఎక్కువసేపు పరిగెట్టడమే మా ఆదివారం పని. కష్టంగా ఉండాలి కానీ ప్రాణం మీదికి రాకూడదు, ఇంటికెళ్ళాక ఇంకో పది నిమిషాలు లాగగలిగేవాడినే అనిపించాలి.

నాకు జీపీఎస్ వాచీ లేదు, ఎలా తెలుస్తుంది?

ఊపిరి చాలు. మామూలు టైము చూపించే గడియారం ఉంటే ఇంకేం అక్కర్లేదు. నిజం చెప్పాలంటే మే నెలలో వాచీ ఉన్నవాళ్ళే ఎక్కువ దెబ్బతింటారు, జనవరిలో వచ్చిన నంబరు మేలో కూడా రావాలని లాగుతారు కాబట్టి.

నేను చాలా స్లో. మీతో వస్తే వెనకబడిపోయి పరువు పోతుందేమో?

అందరూ అడిగేది ఇదే, అందుకే కొంచెం వివరంగా.

మేం దూరం పెట్టుకోం, టైము పెట్టుకుంటాం. ముందు 15 నిమిషాలు అందరం కలిసి నెమ్మదిగా, తర్వాత నాలుగైదు సార్లు ఒక్కో 20 సెకన్లు కొంచెం జోరుగా, కాళ్ళు మేలుకోడానికి. అప్పుడు అసలు పరుగు మొదలు. లాకుల దగ్గర్నుంచి ఎవరి వేగంలో వాళ్ళు 20 నిమిషాలు పోతారు, సరిగ్గా 20 అవగానే విజిల్. గుంపు చీలిపోతుంది కాబట్టి ముగ్గురు నలుగురి దగ్గర విజిళ్ళుంటాయి, ఒకరిది వినపడగానే తర్వాతి వాళ్ళు ఊదుతారు. విజిల్ వినగానే ఎక్కడున్నవాళ్ళు అక్కడే వెనక్కి తిరగాలి. ఇప్పుడు చూడండి, స్పీడున్నోళ్ళు దూరంగా ఉన్నారు, నెమ్మదోళ్ళు దగ్గర్లో ఉన్నారు, ఎవరి వేగం వాళ్ళు నిలబెట్టుకుంటే అందరూ ఒకే టైముకి లాకుల దగ్గరికి చేరాలి. స్లో వాళ్ళ వెనక స్పీడోళ్ళ అడుగుల చప్పుడు వినపడుతూ ఉంటుంది, స్పీడోళ్ళకి ముందు పట్టుకోడానికి మనుషులుంటారు. చివరి అయిదు నిమిషాలు అందరికీ ఒకటే కష్టం.

ఇందులో ఇంకో సుఖం ఉంది. పోయేటప్పుడు 20 నిమిషాలు పట్టి, వచ్చేటప్పుడు 22 పట్టిందనుకోండి, మొదట్లో తొందరపడ్డారని ఎవరూ చెప్పక్కర్లేదు. 19లో వచ్చేశారా, మరీ మొహమాటపడ్డారు. రెండూ సరిపోతే ఆ రోజు మీరే మొనగాడు, మొత్తం గుంపులో అందరికంటే తక్కువ దూరం పరిగెట్టినా సరే. మా మావయ్య ఒకాయన రెండు వైపులా ఒకే టైము తెస్తారు, కుర్రాళ్ళకి అది చేతకాదు.

మా ఫ్రెండు ఒకడు ప్రతిసారీ అడుగు ముందే ఉంటాడు, నేను పక్కకొస్తే ఇంకొంచెం లాగుతాడు. వాడితో ఎలా?

ప్రతి గుంపులోనూ ఒకడుంటాడండి అలా. అసలు మన గోదావరి వాళ్ళకి ఏదైనా పందెం అయిపోతుంది, కోళ్ళు సరే, పడవలు సరే, ఆఖరికి మావిడికాయ ముక్కలు ఎవరు తొందరగా కొడతారో కూడా పందెమే. పరుగు ఒక్కటి మినహాయింపు ఎందుకవుతుంది. కానీ ప్రాక్టీసు పందెం అయిపోయిన రోజున ఆ పరుగు వల్ల లాభం పోతుంది. వాడు అడుగు ముందుకేస్తే మీరు సమానం చేస్తారు, మీరు సమానం చేస్తే వాడు మళ్ళీ ఒక అడుగు, ఇలా మూడో కిలోమీటరుకల్లా ఇద్దరూ టెంపో దాటేసి రేసు స్పీడులో ఉంటారు, ఆరో కిలోమీటరులో ఇద్దరూ నడుస్తుంటారు. 40 నిమిషాలు చెయ్యాల్సిన పని 25 నిమిషాలు చేసి, దానికి నాలుగు రోజుల ఒళ్ళునొప్పులు. పైగా ఇద్దరూ నేనే గెలిచానని చెప్తారు.

మా దగ్గర మందు ఏంటంటే, లాగేవాడికి విజిల్ ఇచ్చేస్తాం. విజిల్ ఉన్నవాడు ఆ రోజు తన జట్టులో అందరికంటే నెమ్మదైన మనిషి పక్కన పరిగెట్టాలి, అది రూలు. భుజం పక్కన భుజం ఉండాలి, ముందు కాదు. అలా రెండు మూడు ఆదివారాలు చేస్తే వాడికే అర్థమవుతుంది, వేగం పెంచడం తేలిక, ఒకే వేగం పట్టి ఉంచడం కష్టం అని. అప్పటికీ వినకపోతే మీరు వదిలెయ్యండి, పోనివ్వండి, విజిల్ పడ్డాక వెనక్కి రావాల్సిందేగా.

వెటకారం మాత్రం ఉంటుందండి, అది ఆపడం మావల్ల కాదు. అయినా తిరుగు పరుగులో ఎవరికీ ఎటకారం ఆడే ఊపిరుండదు కాబట్టి భయం లేదు.

ఇంత కష్టం ఒంటరిగా పడొచ్చుగా, గుంపెందుకు?

పడొచ్చు. కానీ తెల్లారుజామున అలారం మోగినప్పుడు మీ మంచం మీకు చెప్పే మాటలు వేరే ఎవరూ చెప్పలేరు, అక్కడ లాకుల దగ్గర నలుగురు నిలబడి ఉన్నారని తెలిస్తేనే కాళ్ళు కింద పెడతాం. ఇంకోటి, పక్కన ఒక మనిషి అదే వేగంలో పోతుంటే వేగం గురించి మనం ఆలోచించక్కర్లేదు, ఊరికే పట్టుకుని పోవడమే. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా మారథాన్ రన్నరు ఎలియుడ్ కిప్చోగే 42.195 కిలోమీటర్లు 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెట్టినప్పుడు ఆయన చుట్టూ వంతులవారీగా పరిగెట్టినవాళ్ళు 41 మంది. అలా మారుతూ తోడు పరిగెట్టారనే కారణంతో సహా కొన్ని రూల్స్ వల్ల దాన్ని అధికారిక రికార్డుగా లెక్కెయ్యలేదు, కానీ అంతటాయనకి కూడా తోడు కావాల్సొచ్చింది కదా.

అసలు పెద్ద కారణం సేఫ్టీ. చీకట్లో కాలవగట్టు మీద ఒంటరిగా గట్టి పరుగు మేం ఎవరికీ చెప్పం.

ధవళేశ్వరం బ్యారేజీ మీద పరిగెడితే వ్యూ బాగుంటుంది కదా, అక్కడెందుకు చెయ్యరు?

వ్యూ సూపరే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ కలిపి 175 గేట్లు, మధ్యలో లంకలు, సూర్యోదయానికి ఫొటో తీసుకోడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ అది రోడ్డు, సన్నగా ఉంటుంది, బస్సులూ లారీలూ పోతుంటాయి, పక్కకి తప్పుకుంటే రెయిలింగే. తేలిక పరుగు రోజు ఇద్దరు ముగ్గురు ఒకరి వెనక ఒకరు పొండి, గుంపుగా గట్టి పరుగు మాత్రం వద్దు. కష్టంలో ఉన్నప్పుడు మనిషికి చెవులు సరిగ్గా పనిచెయ్యవు, వెనక హారన్ కూడా దూరంగా వినపడుతుంది. హైవే మీద జొన్నాడ రావులపాలెం మధ్య గౌతమి బ్రిడ్జి సంగతి అసలు అడక్కండి, అక్కడ పరిగెట్టడం వద్దే వద్దు.

ఎక్కడ పరిగెట్టినా కుడివైపు, ఎదురొచ్చే బళ్ళు కనపడేలా. ఇయర్‌ఫోన్లు పెట్టుకొస్తే జేబులో పెట్టిస్తాం.

ఎన్ని గంటలకి?

చలికాలం 5:30కి, ఎండాకాలం 4:30కి. సంక్రాంతి రోజుల్లో మనకి సూర్యుడు 6:30 దాటాకే వస్తాడు, మే నెలాఖరుకి 5:30కే వచ్చేస్తాడు. ధనుర్మాసంలో మంచు పట్టేసి పది అడుగుల ముందు ఏముందో కనపడని రోజులుంటాయి, ఆ రోజు గట్టి పరుగు క్యాన్సిల్, లాకుల దగ్గర టీ తాగి పోవడమే.

ఎండాకాలం తెల్లారుజామున చల్లగానే ఉంటుందిగా, మరి ఎందుకు అంత జాగ్రత్త?

చల్లగా ఉండదండి, ఎండ ఉండదు అంతే. ఈ రెండూ వేరు. మనది చుట్టూ నీళ్ళు, కాలవలు, చేలు, చెరువులు, కింద సముద్రం. తెల్లారుజామున గాల్లో తేమ బాగా ఎక్కువ. ఒళ్ళు చల్లబడేది చెమట కారడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల. గాలి అప్పటికే తడిగా ఉంటే చెమట ఆరదు, బొటబొటా కారిపోయి షూలోకి పోతుంది, నీళ్ళు పోతాయి కానీ ఒళ్ళు చల్లబడదు. రాజస్థాన్ ఎండలో ఎండిన గాలిలో పరిగెట్టినాయన మన ఉక్కపోతలో డీలా పడిపోతాడు, ఇది నిజం.

అందుకని మార్చి నుంచి మనం వేగం చూడం, ఊపిరి చూస్తాం. వేడికి ఒళ్ళు అలవాటుపడ్డానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రెండు వారాలూ గట్టి పరుగుని సగం చేసుకోవాలి. హైదరాబాద్ ఏసీ ఆఫీసు నుంచి సెలవులకి వచ్చిన మన పిల్లలకి ఇది మరీ మరీ చెప్తున్నా, మీరు అక్కడ హాఫ్ మారథాన్లు కొట్టి ఉండొచ్చు, ఇక్కడ మొదటి ఆదివారం తేలికగానే పరిగెట్టాలి. రోహిణి కార్తెలో అయితే 20-20 లేదు, 10 నిమిషాలు గట్టిగా 3 నిమిషాలు నడక, అలా మూడు సార్లు. ఎవరికైనా ఒళ్ళు గగుర్పొడిచి చలేసినట్టు అనిపించినా, తల తిరిగినా, వాంతొచ్చేలా ఉన్నా అక్కడితో ఆపెయ్యాలి. మాట పడతామేమో అని ఆపకుండా పోయేవాళ్ళు మాకొద్దు.

ఎవరికైనా వడదెబ్బ తగిలితే ఏం చేస్తారు?

ఇది అందరూ చదవండి. గుర్తు పట్టాల్సింది ఒకటే, మనిషి మాట తేడా. అడిగినదానికి సంబంధం లేని జవాబు, ఎక్కడున్నాడో తెలియకపోవడం, తాగినోడిలా తూలడం, ఊరికే కోపం, లేదా పడిపోవడం. చెమట పడుతూనే ఉండొచ్చు, కాబట్టి చెమట ఉందిగా ఏం కాదులే అనుకోవద్దు. పక్కనున్నవాళ్ళే ఇది పట్టుకోగలరు, తగిలిన మనిషికి తెలీదు, ఒంటరిగా వద్దనేది అందుకే.

అలా ఉంటే ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్ళు నీడకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాలి. తల మీద కాసిని చిలకరిస్తే సరిపోదు, ఒళ్ళంతా బకెట్లతో పోస్తూనే ఉండాలి, తువ్వాళ్ళు తడిపి కప్పి మాటిమాటికీ మార్చాలి, ఇద్దరు విసరాలి, ఐస్ దొరికితే మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో. చేలో బోరు మోటారు ఆడుతుంటే పైపు కిందే కూర్చోబెట్టండి, అంతకంటే మంచి వైద్యం లేదు. కాలవ పక్కనే ఉంది కదా అని రేవులో దింపెయ్యొద్దు, మతి తప్పిన మనిషి చేతిలోంచి జారితే ఇంకో ప్రమాదం. రేవు నుంచి బకెట్లతో తోడి పొయ్యండి. మతి సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ పది పదిహేను నిమిషాల్లో మీరు చేసిందే ముఖ్యం, కారులో పడేసి ఆస్పత్రి దాకా అలాగే తీసుకుపోతే ఆ టైమంతా లోపల ఉడుకుతూనే ఉంటుంది. కాస్త మామూలుగా మాట్లాడుతున్నా కూడా ఆస్పత్రికి పంపాలి.

మా సపోర్టు బండి మీద రెండు ప్లాస్టిక్ బకెట్లు ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందిగా.

నీళ్ళు ఎంత తాగాలి? కొబ్బరి బొండాం చాలా?

మనిషి మనిషికీ మారుతుంది. తెలుసుకోడానికి ఒక పద్ధతి ఉంది, పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోవడం. మేం లాకుల దగ్గర కొట్టాయన కాటా అడిగి తీసుకుంటాం, ధాన్యం బస్తా ఎక్కించే ప్లాట్‌ఫారం కాటా, ఇనప పలక మీద కాళ్ళు పెట్టగానే ఎర్ర అంకెలు కాసేపు ఊగి ఆగుతాయి, కొట్టాయన పక్కన నిలబడి బస్తాకి తరుగు తీసినట్టు షూకి అరకిలో తీసేస్తానంటాడు. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయిందని. మే నెలలో గంటన్నరలో కిలోన్నర తగ్గినవాళ్ళు ఉన్నారు. తగ్గకుండా పెరిగితే మాత్రం నీళ్ళు ఎక్కువ తాగేశారని, అదీ ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడిపోతుంది. దాహం వేసినప్పుడు తాగండి, గంటలోపు పరుగుకి అంత హడావుడి లేదు.

బొండాం బంగారమే, పొటాషియం దండిగా ఉంటుంది, కానీ చెమటలో పోయేది ఎక్కువగా ఉప్పు, బొండాంలో ఉప్పు తక్కువ. కాబట్టి బొండాంతో పాటు రెండు ఉప్పు బిస్కట్లో, చిటికెడు ఉప్పేసిన మజ్జిగో పుచ్చుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే మెడికల్ షాపులో అడిగేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ప్యాకెట్ మీద ఉందో లేదో చూసి తీసుకోండి, దాని మీద ఎంత నీళ్ళు కలపాలని ఉంటే అంతే కలపాలి. అదీ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, తలకొట్టి కొలవాలి, గోపురం కట్టకూడదు.

కుక్కలు?

ఊరి కుక్కల కంటే రొయ్యల చెరువుల కాపలా కుక్కలు ఎక్కువ ఇబ్బంది. పరిగెడుతూ ఉంటే తరుముతాయి, కాబట్టి అందరూ ఆగి నడవాలి, దాని వైపు తిరిగి, కేకలెయ్యకుండా. రాయి తీసుకుంటున్నట్టు వంగితే చాలావరకు పోతాయి, నిజంగా కొట్టక్కర్లేదు. కరిచినా, గీరినా సబ్బుతో ధార కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకోండి, అన్ని డోసులూ పూర్తి చెయ్యాలి. పసుపూ కారం రాసుకుని ఊరుకోవడం కాదు.

పాములు ఉంటాయటగా?

ఉంటాయి. గట్టు మీద వెచ్చగా ఉంటుందని రాత్రి పూట వచ్చి పడుకుంటాయి, వానలప్పుడు చేలోంచి పైకొస్తాయి. తలకి లైటు లేకుండా చీకట్లో ఎవరూ పరిగెట్టకూడదు, సెల్‌ఫోన్ లైటు ఊగుతుంది, పనికిరాదు. గడ్డిలో కాలు పెట్టొద్దు, ఒంటేలుకి కూడా రోడ్డు దిగొద్దు. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే తెలీదు, కాబట్టి అనుమానం ఉన్నా ఆస్పత్రికే. తాడు బిగించి కట్టడం, కోసి రక్తం పిండడం, మంత్రగాడు, ఇవేం వద్దు. కాటు పడ్డ కాలు కదలకుండా ఉంచి బండి ఎక్కించడమే.

వరదలప్పుడు కూడా ఉంటుందా?

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మా ఆదివారం రద్దు, ఇంక మెసేజ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. అప్పుడు ఏటిగట్ల మీద జనాలు కాపలా తిరుగుతుంటారు, లంకల వాళ్ళు గొడ్లని తోలుకొచ్చి గట్టు మీద కట్టేసి ఉంటారు, వాళ్ళ మధ్య నుంచి మనం షార్ట్స్ వేసుకుని రయ్యిన పోవడం మర్యాద కాదు. చేతనైతే ఆ పూట అన్నం ప్యాకెట్లు పట్టుకెళ్ళండి.

కోతలప్పుడు రోడ్డంతా ధాన్యమే కదా?

సార్వా కోతలకీ దాళ్వా కోతలకీ రోడ్డుకి ఒక పక్కంతా బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. బరకం అంచుల్లో గాలికి ఎగరకుండా రాళ్ళు, దుంగలు పెడతారు, చీకట్లో అవి కనపడవు, బొటనవేలు గోరు ఊడేది అక్కడే. ఆ రోజుల్లో మనం చేల మధ్య పుంత రోడ్లలోకి మారిపోతాం. ధాన్యం మీద కాలు మాత్రం ఎవరూ పెట్టొద్దు, అది రైతు ఏడాది కష్టం, తిట్టినా పడాలి.

మనకి కొండల్లేవుగా, హైదరాబాద్ మారథాన్‌కి ఎలా ప్రిపేరవ్వాలి?

డెల్టా వాళ్ళ శాపం అదే. ఇక్కడ రికార్డులు కొట్టి హైదరాబాద్ వెళ్తే ఫ్లైఓవర్ల దగ్గర తొడలు పట్టేస్తాయి. మనకున్న ఎత్తులు రెండే, ఏటిగట్టు ఎక్కే ర్యాంపులు, నది మీద వంతెనల అప్రోచ్‌లు. రెండో రకం ట్రాఫిక్ వల్ల వద్దనుకుంటే ర్యాంపు చాలు. 20 సెకన్లలో అయిపోతుంది, మళ్ళీ నడిచి దిగడం, 10 నుంచి 12 సార్లు. పైకి పోయేటప్పుడు అడుగు చిన్నది చేసి చేతులు గట్టిగా ఊపండి. చూసే గేదెలు కూడా వీళ్ళకి పిచ్చెక్కిందనుకుంటాయి, ఫర్వాలేదు. దిగడం కూడా ఒకట్రెండు సార్లు పరిగెట్టి అలవాటు చేసుకోవాలి, తొడల ముందు భాగం నొప్పొచ్చేది దిగేటప్పుడే.

ఏ షూ కొనాలి?

కాలికి హాయిగా ఉన్నది, వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉన్నది. ఖరీదుకీ దెబ్బలకీ సంబంధం లేదు. వానాకాలం మట్టి గట్టు మీదకి కొత్త షూ తేవద్దు, ఒండ్రు మట్టి అడుగుకి అంటుకుని నాలుగడుగులకో పొర ఎక్కుతుంది, కాసేపటికి ఒక్కో కాలు కిలో బరువు. ఇంకో మాట, తారురోడ్డు అంచుకి వాలుగా ఉంటుంది, ఎప్పుడూ ఒకే పక్క పరిగెడితే ఒకే మోకాలు నొప్పెడుతుంది, బళ్ళు లేని పుంతలో మధ్యకి రండి.

ఆడవాళ్ళు రావచ్చా? చీకటిపూట మా ఇంట్లో ఒప్పుకోరు.

వస్తున్నారండి. ఇంటి దగ్గర్నుంచి లాకుల దాకా ఒంటరిగా రావడమే అసలు సమస్య, పరుగు కాదు. అందుకని ఊరికి ఇద్దరు చొప్పున కలిసి వస్తారు, లేదా వదిన ఒకావిడ కారు తీసుకుని దారిలో ఎక్కించుకుంటారు. మొదటిసారి మీ నాన్నగారినో తమ్ముడినో తీసుకొచ్చి చూపించండి, ఏం మొహమాటం లేదు, ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారు అలా చూడ్డానికొచ్చి ఇప్పుడు ఆయనే ప్రతి వారం వస్తున్నారు, అమ్మాయి పరీక్షలని మానేసింది. బట్టల గురించి ఎవరైనా నోరు జారితే ఆ మనిషి మళ్ళీ గుంపులో ఉండడు.

నెలసరి రోజుల్లో ఒళ్ళు ఒప్పుకుంటే పరిగెట్టొచ్చు, లేదంటే తేలికగా. రక్తం తక్కువుండి ఊరికే ఆయాసం వస్తుంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి.

షుగరు, బీపీ ఉన్నాయి. 50 దాటాను.

ముందు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, నడక కాదు, గట్టిగా పరిగెడతాను అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రల మీద ఉంటే పరుగులో షుగరు పడిపోవచ్చు, జేబులో గ్లూకోజు ఉండాలి, పక్కనున్నవాళ్ళకి విషయం తెలియాలి. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, అలాంటివాళ్ళు వాచీలో గుండె నంబరు చూసి ఇంకా లాగొచ్చనుకోవద్దు. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, మామూలుకి మించిన ఆయాసం వస్తే గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు.

మొదటి మూడు నెలలు తేలిక పరుగే మీకు. తొందరేం లేదు.

ముందు ఏం తినాలి? తర్వాత?

ముందు ఒక అరటిపండు, కాఫీ అలవాటుంటే కాఫీ. రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్టు పక్కన పెట్టుకుని ఎనర్జీ జెల్ అడిగేవాళ్ళకి ఏం చెప్పాలండి. చక్కెరకేళి బాగా పండింది తొందరగా అరుగుతుంది. రాత్రి పెళ్ళి భోజనం చేసి పొద్దున్నే గట్టి పరుగుకి రావద్దు, తిరుగు పరుగులో బూరెలు గుర్తుకొస్తాయి.

తర్వాత అరగంట, ముప్పావుగంటలో టిఫిను, పెసరట్టు ఉప్మా అయితే పిండిపదార్థమూ ప్రోటీనూ రెండూ వచ్చేస్తాయి. ఆత్రేయపురంలో ఉండి పూతరేకులు తినొచ్చా అని ప్రతి వారం ఒకరు అడుగుతారు. తర్వాత తినొచ్చు, ముందు వద్దు, నెయ్యి కడుపులో కూర్చుంటుంది. ఎన్ని అని అడక్కండి.

ఇలాంటి పరుగు వారానికి ఎన్నిసార్లు?

ఒకసారి. బాగా అలవాటైనవాళ్ళు రెండు, మధ్యలో కనీసం రెండు రోజులు తేలిక. మిగతా రోజులన్నీ కబుర్ల పరుగే. సోమవారం కూడా లాగుతామనేవాళ్ళు ఉంటారు, నెలకల్లా పిక్క పట్టేసి ఇంట్లో కూర్చుంటారు.

నేను పోలీసు సెలక్షన్స్‌కి ప్రాక్టీసు చేస్తున్నా, 1600 మీటర్లే. మీ పరుగు పనికొస్తుందా?

పనికొస్తుంది బాబూ, కానీ ఇదొక్కటే చాలదు. ఆదివారం మాతో టెంపో, మధ్యలో ఒకరోజు కాలేజీ గ్రౌండులో 400 మీటర్లు ఆరు సార్లు, ఒక్కోదానికీ మధ్య రెండు నిమిషాలు నడక. మొదటిది ఎంతలో వచ్చిందో ఆఖరిదీ అంతలోనే రావాలి. మొదటి రౌండు ఎగిరిపోయి మూడో రౌండులో చచ్చిపోవడం వల్లే సగం మంది పోగొట్టుకుంటారు.

ఫీజు ఎంత?

లేదు. టిఫిను డబ్బులు ఎవరివి వాళ్ళవి.

నేను పరిగెట్టలేను, మోకాళ్ళు పోయాయి. ఊరికే రావచ్చా?

మాకు కావాల్సింది మీరే. ఇప్పుడు సపోర్టు బండి ఒకాయనే తోలుతున్నారు, టీవీఎస్ ఎక్సెల్ ముందు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, వెనక బకెట్లు, హ్యాండిలుకి అరటిపళ్ళ సంచి, అందరికంటే వెనకాల మనిషి దగ్గర నుంచి ముందు మనిషి దాకా తిరుగుతూనే ఉంటారు. ఎవరు తూలుతున్నారో, ఎవరు మొహం ఎర్రబడి మాట్లాడట్లేదో ఆయనకే ముందు కనపడుతుంది. గుంపు పెరిగింది, ఒక బండి సరిపోవట్లేదు. మీకు బండి ఉంటే ఆదివారం 4:15కల్లా లొల్ల లాకుల దగ్గరికి వచ్చెయ్యండి, పెట్రోలు మేం పోయిస్తాం, ఆ రెండో బకెట్ల జత ఎవరి దగ్గరుందో కనుక్కుని పెడతా.